ముత్తమ్మ లేని రోజు నేను వెలిగించిన పొయ్యి

2023లో వానలు మొదలైన రోజుల సంగతి ఇది. అప్పటికి కొత్తగూడెంలో నా ఇటాలియన్ రెస్టారెంటు పెట్టి రెండేళ్ళయింది. గని కార్మికుల క్వార్టర్ల వెనక సందులో ఆరు టేబుళ్ళు, వాటి మీద ఎర్ర గళ్ళ గుడ్డలు, ఓ మూల ఇటుకలతో కట్టిన పొయ్యి. మాది వేంసూరు. హైదరాబాదులో ఓ పెద్ద హోటల్లో పద్నాలుగేళ్ళు ఇటాలియన్ వంటలు వండి, ఇక ఎవరి కిందా పని చెయ్యనని ఇక్కడికొచ్చి పెట్టుకున్నాను. ఈ ఊళ్ళో పిజ్జాలెవరు తింటారని నవ్వినవాళ్ళే ఆదివారం పిల్లల్ని వెంటేసుకుని వచ్చేవారు. పాస్తాలో పచ్చిమిరపకాయ నంజుకునేవారనుకోండి, అది వాళ్ళిష్టం.

ఈ పని తెలియనివారికి రెండు ముక్కలు చెప్పాలి. పిజ్జా పిండిని మేం డో అంటాం. కలిపాక దాన్ని ఒక రోజంతా చల్లటి చోట పొంగనివ్వాలి, అది ప్రూఫింగ్. అదంతా నాకు కొట్టిన పిండే. చిక్కల్లా పొయ్యి దగ్గర. హోటల్లో మాకు గ్యాస్ ఓవెన్ ఉండేది, మీట తిప్పితే వేడి. ఇక్కడ గొప్పకు పోయి కట్టెల పొయ్యి కట్టించాను. మొదటి ఏడాదంతా అడుగు మాడడం, పైన పచ్చిగా ఉండడం. తుపాకీలాంటి థర్మామీటర్ ఒకటి కొన్నాను, గురిపెట్టి నొక్కితే వేడి ఎంతో చూపిస్తుంది. అంకె సరిగ్గానే చూపించేది. పిజ్జా మాత్రం సరిగ్గా వచ్చేది కాదు.

ముత్తమ్మ గిన్నెలు కడగడానికి చేరింది. చర్ల అవతల అడవి ఊరు ఆమెది, కోయవాళ్ళు. నలభై దాటి ఉంటాయి. చేరిన పదో రోజున నేను పొగలో దగ్గుతూ ఉంటే వెనక నుంచి చూసి, "జర జరుగు సారూ. గట్ల కుక్కితే మంట యాడ లేస్తది?" అంది. రెండు మొద్దులు బయటికి లాగి, ఒకదాన్ని అడ్డంగా తిప్పి పెట్టింది. పొగ తగ్గి మంట లేచింది.

నెల తిరక్కుండా పొయ్యి ఆమెదైపోయింది. పొద్దున్నే జామాయిల్ మొద్దులతో ఇటుకను వేడెక్కించేది. బూర్గంపాడు వైపు తోటల నుంచి ఆ కట్టె ఎంత కావాలంటే అంత దొరుకుతుంది, జల్దీ అంటుకుంటుంది. పొయ్యి లోపలి గుమ్మటాన్ని డోమ్ అంటాం. దాని మసి కాలిపోయి తెల్లబడగానే ఆ నిప్పంతా లాగేసి, అప్పుడు ఎండిన తుమ్మకట్టె పెట్టేది. చిటికెడు పిండి లోపల చల్లి, రంగు ఎలా తిరుగుతుందో చూసేది. నేను థర్మామీటర్ తీసేలోపే "ఇగ పెట్టు" అనేది. అంచు పొంగి, అక్కడక్కడా మచ్చలు పడి, లోపల దూదిలా వచ్చేది. పద్నాలుగేళ్ళలో నా చేతిలో అలాంటి అంచు రాలేదు.

సంతోషించాల్సింది పోయి నాకు కడుపు మండింది. దాచుకోవడమెందుకు, మండింది. ప్రతి ఆదివారం మధ్యాహ్నం రాజలింగం గారని గనిలో ఓవర్‌మన్‌గా రిటైరైన పెద్దాయన, భార్య కమలమ్మ గారితో వచ్చేవారు. తలుపు తెరిచిన మొదటి వారం నుంచీ నా గిరాకీ వాళ్ళు. ఒకరోజు నేను ఆర్డరు రాసుకుంటుంటే ఆయన నా భుజం మీదుగా పొయ్యి వైపు తొంగి చూసి, "ముత్తమ్మ ఉన్నదా ఇయ్యాల? ఉంటెనే చెప్త," అన్నారు.

"నువ్వేమనుకోకు బిడ్డా, ఆమె చేతిల ఏందో ఉన్నది," అన్నారు కమలమ్మ గారు.

డో నాది, సాసు నాది, చీజు ఏరి తెప్పించేది నేను. సొమ్మొకడిది సోకొకడిది అని లోపల సణుక్కున్నాను. ఆ సాయంత్రం తళతళలాడే పళ్ళేలు చూపించి, జిడ్డు పోలేదని ఆమెతో మళ్ళీ కడిగించాను.

అలా రగులుతుండగా మూర్తి సార్ ఫోన్ చేశారు. హోటల్లో నాకు పని నేర్పిన పెద్ద చెఫ్ ఆయన. ఇంటిల్లిపాదీ భద్రాచలం దర్శనానికి వస్తున్నారట, ఆదివారం మధ్యాహ్నం భోజనం నా దగ్గరేనట. పద్నాలుగేళ్ళలో ఆయన నోటి నుంచి "బాగుంది" అన్న మాట నేను వినలేదు. ఈసారి వినాలి. అది ముత్తమ్మను చూస్తూ కాదు, నన్ను చూస్తూ అనాలి.

శుక్రవారం ఆమెను పిలిచి, "వానలు పడ్డయ్ గదా, పోడు చేన్లో గింజలెయ్యాలంటివి. పోయి నాలుగు రోజులుండి రా. ఈ ఆదివారం గిరాకీ ఉండదులే," అన్నాను.

"నిజంగనా సారూ? నువ్వు సల్లగుండాలె," అంది. ఆ ముఖం చూసి కూడా నాకు సిగ్గెయ్యలేదు. పోతే చాలనుకున్నాను.

ఆదివారం పొయ్యి నేనే వెలిగించాను. రాజలింగం గారు తలుపు దాకా వచ్చి, ముత్తమ్మ ఊరెళ్ళిందని విని, "అట్లయితే వచ్చే వారం వస్తం తియ్," అని వెనక్కి తిరిగారు. నా పంతం ఇంకా పెరిగింది. మూర్తి సార్ వాళ్ళు కూర్చునే వేళకు పొయ్యి చల్లబడసాగింది. తుమ్మకట్టె ఆమె ఎక్కడ ఆరబెడుతుందో నేనెప్పుడూ అడిగిన పాపాన పోలేదు. చేతికందిన జామాయిల్ మొద్దులు లోపలికి తోశాను. భగ్గున లేచింది. అంచు పొంగింది, రంగు తిరిగింది. నేనేం తక్కువా అనుకుంటూ పళ్ళెం పట్టుకుని నడిచాను. టేబులు దగ్గరికి చేరేసరికి వాసన తెలిసింది. జలుబు చేస్తే ఆవిరి పట్టే నూనె వాసన. జామాయిల్ పొగంతా చీజుకు పట్టేసింది.

మూర్తి సార్ ఒక ముక్క కొరికి, పక్కన పెట్టి, మంచినీళ్ళు తాగారు. "పొయ్యి ఎవరు చూస్తున్నారు?" అనడిగారు.

"ఒకావిడ ఉంది సార్. గిన్నెలు కడిగేది, పోనీలే అని పొయ్యి దగ్గర పెట్టాను. ఎంత చెప్పినా ఏ కట్టె పడితే ఆ కట్టె పెడుతుంది."

ఆయన నన్నే చూస్తూ, "అయితే ఆమెను మాన్పించెయ్," అన్నారు.

"అలాగే సార్," అన్నాను. అంత తేలిగ్గా అన్నాను.

మంగళవారం ముత్తమ్మ వచ్చింది. చేతిలో టేకాకుల పొట్లం. విప్పితే అడవి పుట్టగొడుగులు, మట్టి ఇంకా ఆరలేదు. "మొదటి వానకు లేచినయ్. మా అమ్మ ఏరిచ్చింది. సెలవిచ్చినవ్ గదా సారూ, నీ రొట్టెల మీద వేస్తవని తెచ్చిన," అంది. పొట్లం నా చేతిలో పెట్టి పొయ్యి దగ్గరికి పోయింది. లోపలికి తల పెట్టి వాసన చూసి ఇటు తిరిగింది. "జామాయిల్ పెట్టి కాల్చినవా?"

ఆ పొట్లం పట్టుకుని ఇంక అబద్ధమాడలేకపోయాను. సెలవెందుకిచ్చానో చెప్పాను. తప్పు ఎవరి మీదికి నెట్టానో, మాన్పించెయ్ అంటే ఏమన్నానో కూడా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను, తిడుతుందనుకున్నాను. ఆమె కొంగుతో చేతులు తుడుచుకుంది.

"నాకు చెప్తే ఏమొస్తది సారూ? నా పేరు ఎవరికాడ చెడగొట్టినవో ఆయనకి చెప్పు."

ఆమె ఎదురుగానే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి చెప్పాను. మూర్తి సార్ అంతా విని, "మోచేతుల దాకా మసి పూసుకుని నిలబడి ఇంకొకరి పేరు చెప్పావు. నేను చూళ్ళేదనుకున్నావా? మాన్పించెయ్ అన్నప్పుడైనా నోరు విప్పుతావేమోనని చూశాను. ఆవిడకు నా నమస్కారం చెప్పు," అని పెట్టేశారు.

"అయిపాయె గదా. ఇటు రా, తుమ్మకట్టె యాడున్నదో చూపిస్త," అంది ముత్తమ్మ.

ఆ వారమంతా పొద్దున్నే నాతో కట్టెలు మోయించింది. థర్మామీటర్ చేతికి తీసుకుంటే ఊరుకునేది కాదు. రెండు పిజ్జాలు మాడ్చాను, మూడోది పచ్చిగా తీశాను. ఆమె నవ్వింది కానీ ఎవరికీ చెప్పలేదు.

ఆదివారం రాజలింగం గారు, కమలమ్మ గారు వచ్చారు. "ఈ ఆదివారం నువ్వే కాల్చు సారూ, నేను అటు రాను," అన్న మాట ప్రకారం ముత్తమ్మ పొయ్యి వైపు రాలేదు. మంట నేనే పెట్టాను, పిజ్జా నేనే కాల్చాను. పెద్దాయన ఒక ముక్క తిని, రెండోది చేతిలోకి తీసుకుంటూ లోపలికి కేకేశారు: "ముత్తమ్మా! ఏం కాల్చినవే తల్లీ!"

నేను టేబులు పక్కనే నిలబడి ఉన్నాను. నాదేనని అనాలని నాలుక దాకా వచ్చింది. ఏ ముఖంతో అంటాను? మింగేశాను.

లోపల గిన్నెలు తోముతూనే ఆమె బదులిచ్చింది. "నేను గాదు పెద్దయ్యా, సారు కాల్చిండు. నేనియ్యాల పొయ్యి ముట్టనే లేదు."

రాజలింగం గారు నన్ను పైనుంచి కిందికి చూసి, "అవ్, మంచిగున్నది," అన్నారు. ఎన్నాళ్ళుగానో చెవులు రిక్కించిన మాట అది. అప్పుడు మాత్రం నా చెవిలో ముత్తమ్మ గొంతే ఉంది.

చేతిపని ఎవరి దగ్గరైనా నేర్చుకోవచ్చని ఆ వారం నాకు తెలిసింది. ముత్తమ్మంటే నాకు ఇప్పటికీ అసూయే. ఆ పొయ్యి విద్య చూసి కాదు, అది కొంత నాకూ వచ్చింది. ఎదుటివాడి పనిని ఎదుటివాడిదని అనడానికి ఆమె చేతిలో గిన్నె కూడా ఆగలేదే, అది చూసి.