అందరికీ ఎడమ చెవే

నా చిన్నప్పుడు పెనుగొండ బజారులో మా తాతయ్యంత మెత్తని మనిషి లేడని పేరు. కిరాణా కొట్లో కూర్చుని, గుప్పెడు ఉప్పు కోసం వచ్చిన కూలిమనిషిని కూడా "ఏం కావాలండీ" అని అడిగేవాడు. ఆ అండీలన్నీ కొట్టు వరకే. గుమ్మం దాటి ఇంట్లోకి వస్తే మా అమ్మమ్మకి ఆయన పెట్టిన పేరు చెవిటి మాలోకం.

అమ్మమ్మకి ఎడమ చెవి వినబడదు. అటువైపు నుంచి పిలిస్తే పలికేది కాదు. అప్పుడాయన బేరానికి వచ్చినవాళ్ళ వైపు తిరిగి, "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుందండీ నా బతుకు" అనేవాడు. వాళ్ళు నవ్వేవాళ్ళు. నేనూ నవ్వేదాన్ని. రోజూ బెల్లం ముక్క పెట్టే తాతయ్య మరి.

ఒక ఎండాకాలం, చర్చి ఆవరణలో చెవులకి ఉచితంగా వైద్యం చేస్తారని దండోరా వేశారు. కాకినాడ నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. అమ్మమ్మకి తోడుగా నన్ను పంపారు. వెళ్ళి చూస్తే బెంచీల నిండా మా వీధి ఆడవాళ్ళే. ఇంతమందికి చెవుడుందని నాకు ఆ రోజే తెలిసింది. నవ్వుతూ తలూపుతుంటే అందరూ విన్నారనే అనుకునేదాన్ని.

డాక్టరమ్మ ఒక్కొక్కరి చెవిలో లైటు వేసి చూస్తూ, ఎలా వచ్చిందని అడిగింది. ఒకావిడ చలిగాలి అంది. ఇంకొకావిడ కాలవలో మునిగినప్పుడు నీళ్ళు పోయాయంది. మరొకావిడ పురుగు దూరిందంది. బాగా ముసలివాళ్ళని పక్కన పెడితే, దాదాపు అందరూ చూపించింది ఎడమ చెవే. మా అమ్మమ్మ వంతు వచ్చింది. "చలిగాలేనండి" అంది.

డాక్టరమ్మ లైటు బల్ల మీద పెట్టేసింది. నన్ను ఎదురుగా నిలబెట్టి, "ఏదీ, నన్ను లాగి ఒక్కటి కొట్టినట్టు చెయ్యి ఎత్తమ్మా" అంది. నాకు భలే సరదా వేసింది. కుడిచెయ్యి విసురుగా ఆమె చెంప దాకా తీసుకెళ్ళి ఆపాను. ఆమె నా చేతిని అక్కడే పట్టుకుని బెంచీల వైపు చూసింది. నా అరచెయ్యి సరిగ్గా ఆమె ఎడమ చెవి మీద ఉంది.

"చలిగాలి ఇటునుంచే వీస్తుందన్నమాట" అంది.

ఒకావిడ పైట చెంగు నోట్లో కుక్కుకుంది. అమ్మమ్మ నా చేతినే చూస్తూ కొంచెం వెనక్కి జరిగింది. తను అన్నం కలిపి ముద్దలు పెట్టిన చేతిని చూసి జరిగింది. నేను చెయ్యి విడిపించుకుని వెనక్కి దాచుకున్నాను.

దెబ్బ తగిలిన కొత్తలోనే వచ్చుంటే కర్ణభేరి చిరుగు మానేదట. ఇప్పుడైనా కాకినాడ వస్తే ఆపరేషన్ చేస్తానంది డాక్టరమ్మ. ఆ మాట తాతయ్యకి నేనే చెప్పాను. "ఈ వయసులో మీ అమ్మమ్మ విని ఉద్ధరించేదేముందే" అని కొట్లో వాళ్ళతో కలిసి నవ్వి, బెల్లం ముక్క నా ముందు చాపాడు. కుడిచేత్తోనే. నేను తీసుకోలేదు.

"ఏమే, నీకూ చెవుడొచ్చిందా? గూబ గుయ్యిమనిపించనా?" అన్నాడు ముద్దుగా.

అమ్మమ్మ ఆ చెవితోనే పోయింది. తర్వాత తాతయ్య పోతే, మెత్తని మనిషని బజారంతా ఏడ్చింది. నాకు ఒక్క చుక్క రాలేదు.

గూబ అన్న మాట నా ఇంట్లో సరదాకైనా ఎవరినీ అననివ్వను. పెళ్ళయిన కొత్తలో మా ఆయన ఒకసారి చెయ్యెత్తాడు. డాక్టరమ్మ నా చేతిని పట్టుకున్నట్టే దాన్ని గాలిలో పట్టుకుని, కాసేపు వదల్లేదు. అది మళ్ళీ లేవలేదు.

మొన్న నాకూ వినికిడి తగ్గిందని మా అబ్బాయి రాజమండ్రి తీసుకెళ్ళాడు. డాక్టరు పరీక్ష చేసి, "వయసు వల్లేనండి. రెండు చెవులూ సమానంగా తగ్గాయి. మిషన్లు పెట్టుకుంటే సరిపోతుంది" అన్నాడు. మళ్ళీ చెప్పమన్నాను. వినబడలేదేమోనని పాపం గట్టిగా అరిచి చెప్పాడు, రెండూ సమానంగానే అని. బయటికొచ్చి బెంచీ మీద కూర్చుని, అమ్మమ్మని తలుచుకుని ఏడ్చాను.