మొలతాడు కొలత

మా మేనమామకి టేపు మీద నమ్మకం లేదు. ఏది కొలవాలన్నా నడుముకున్న మొలతాడు విప్పి, కొలత దగ్గర ముడి వేసేవాడు. "మొలతాడు ఇప్పకు మావా, అరిష్టం" అని అత్త తిట్టేది.

అరవైల చివర్లో, కళింగపట్నం ఇసుకలోంచి చేపలు మోసే పాత జీపే వాళ్ల బతుకు. దాని ఇంజను పాడైపోతే మావయ్య ఎక్కడిదో డీజిలు ఇంజను తెచ్చి ఎక్కించాడు. ఇక దానికి తగ్గ గేరుబాక్సు, నాలుగు చక్రాలకీ బలం పంచే ట్రాన్స్‌ఫర్ కేసు కావాలి. జీపు కింద జాగా తాడుతో కొలుచుకుని, వానలో తడుస్తూ విజయనగరంలో పాత ఇనుము కొట్టుకి వెళ్లాడు. ఆ రెండూ కలిసిన జతలు అక్కడ రెండే ఉన్నాయి, ఒకటి పొట్టి, ఒకటి పొడుగు. ముడి సరిగ్గా పొట్టి జతకి సరిపోయింది. పొడుగు జతని అతని కళ్లముందే ఇంకొకరు పట్టుకుపోయారు.

ఇంటికొచ్చి బిగించబోతే వెనక చక్రాల్ని తిప్పే షాఫ్టు నాలుగు వేళ్ల మేర అందలేదు. వానలో తడిసిన నూలుతాడు కుంచించుకుపోయి కొలత తగ్గిందని అప్పుడు తెలిసింది.

నేను వెళ్లేసరికి మావయ్య జీపు కింద దూరి, ఆ తాడుని పట్టుకుని లాగుతున్నాడు.

"లాగితే తాడు సాగుతాది. ఇనుము సాగుతాదేటి?" అంది అత్త.

"ఆ కొస పట్టు" అన్నాడు మావయ్య.

 అత్త కుచ్చిళ్లు ఎగదోపి, బురదలో కూర్చుని కొస పట్టుకుంది.