అరుగు మీది పెద్దకొడుకు

ఈ సాయంత్రం మా ఊరి పంచాయతీ రేడియోలో ఒక హాస్యనాటకం వచ్చింది. ఎడ్లను అమ్ముకుని పారిపోయిన చిన్నకొడుకు తిరిగొస్తే, తండ్రి సంబరపడి మేకను కోయించాడు. పెద్దకొడుకు అలిగి పశువుల కొట్టంలో కూర్చున్నాడు. అందరూ పడీపడీ నవ్వారు, నేను తప్ప. మగ్గం వదిలి షోలాపూర్ పారిపోయిన మా తమ్ముడు ఈ పొద్దున్నే ఇంట్లో దిగాడు. ఇన్నేళ్లూ మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నది నేను, అమ్మ కోడిని కోయించింది వాడికి!

నా మొహం చూసి, పక్కనే కూర్చున్న దవాఖాన నర్సు మరియమ్మక్క నవ్వింది.

"గిది మా బైబిల్ల కథే తమ్మీ. గండ్ల గూడ పెద్దోడు అలిగి బయటనే నిలవడ్డడు. తండ్రే బయటికొచ్చి బతిమాలిండు."

"మరి లోపలికి పోయిండా అక్కా?"

"గది రాయలే."

అసలు సంగతే రాయకపోతే ఎట్లా అని విసుక్కుంటూ ఇంటికొచ్చి అరుగు మీదే కూలబడ్డాను. కాసేపటికి అమ్మ బయటికొచ్చింది.

"నువ్వు రానిది నీ తమ్ముడు బుక్క ముట్టనంటుండు. లే బిడ్డా."

లేచాను. కూర చల్లారింది. తొడముక్క తీసి నా కంచంలో వేసింది మాత్రం తమ్ముడే. పెద్దకొడుకులుగా పుట్టినవాళ్లు చెప్పండి, ఇక ఎంతసేపని అలగగలం?