రావలెను, రావలదు

దుర్గాంబ ఇంగ్లీషు టైపు కొడుతుంటే చూడముచ్చటగా ఉండేది. కళ్ళు డ్రాఫ్టు మీద, వేళ్ళు మిషను మీద, బుగ్గలో వక్కపలుకు. పనిమీద చోడవరం వచ్చిన రైతులు తమ కాగితాల గొడవ కాసేపు మరిచిపోయి, కిటికీ దగ్గర నిలబడి ఆ చప్పుడు వినేవారు. ఆఫీసు పేరు నేను చెప్పను. చెరుకు బళ్ళు పోయే రోడ్డు పక్కన, పెంకుల కప్పుతో, ముందు పొడుగాటి వరండాతో ఉండేది. ఆ మాత్రం తెలిస్తే చాలు. అంత ధాటీగా ఇంగ్లీషు కొట్టే ఆవిడకు ఇంగ్లీషు రాదన్న సంగతి మాత్రం ఆ రైతులకు తెలియదు.

రాదంటే అక్షరాలు వచ్చు. మాటల్ని కూడబలుక్కుని చదవగలదు. థర్డు ఫారంతో, అంటే ఎనిమిదో తరగతితో, బడి మానిపించి పెళ్ళి చేసేశారు కాబట్టి ఆ పైన ఏమీ లేదు. అనకాపల్లి ఇన్‌స్టిట్యూటు వాళ్ళు నేర్పింది వేళ్ళకే గాని బుర్రకు కాదు. మాట కంటిలోంచి వచ్చి వేళ్ళలోంచి పోయేది, మధ్యలో ఎక్కడా ఆగేది కాదు. అందుకే ఆవిడ కాగితంలో తప్పు పడేది కాదు. పక్క సీటు కామేశం గారు అర్థం తెలిసి కొట్టేవాడు. ఆయన కాగితాలే మళ్ళీ మళ్ళీ కొట్టాల్సి వచ్చేవి.

ఆవిడ చేరింది అరవై ఏడులో. అంతకు ముందు ఏడాదే భర్త వేంకటరమణమూర్తి కుడిచెయ్యి రైసుమిల్లు బెల్టులో పోయింది. ఎడంచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్నాడు, మాట్లాడటం తగ్గించేశాడు. ఇల్లు నడవడానికి మిగిలినవి ఆవిడ పది వేళ్ళే. ఆ ఉద్యోగమైనా టెంపరరీ. ఏటేటా పొడిగిస్తూ పై ఆఫీసు నుంచి ఆర్డరు రావాలి. ఆ ఆర్డరు వచ్చే రోజుల్లో ఆవిడకు ముద్ద దిగేది కాదు. పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు వినిపిస్తే చెయ్యి ఆపి గుమ్మం వైపు చూసేది.

డెబ్బయిల నడుమ తెలుగు వచ్చి పడింది. ఇకమీదట జనానికి వెళ్ళే కాగితాలన్నీ తెలుగులోనే వెళ్ళాలని పైనుంచి ఉత్తర్వు. ప్రతి ఆఫీసుకూ ఒక తెలుగు మిషను, దానికొక టైపిస్టు. కామేశం గారు పర్మనెంటు మనిషి, ఆయన వేళ్ళు కదపలేదు. ఇది మూడు నెలల ముచ్చటేనని, ఆ మిషను మీద తరవాత పిల్లి పడుకుంటుందని చెప్పి పొడుం పీల్చుకున్నాడు. టెంపరరీ మనిషికి అలాంటి సౌకర్యాలు ఉండవు. తెలుగు టైపు పరీక్ష ప్యాసైతే పర్మనెంటు చేస్తామన్నారు. కాకపోతే ఏమవుతుందో ఎవరూ చెప్పలేదు. చెప్పనక్కరలేదు కూడా.

విశాఖపట్నం నుంచి కంపెనీ మనిషి రెండు రకాల మిషన్లు తెచ్చి వరండాలో బల్ల మీద పెట్టాడు. ఒకదాంట్లో 'క' ఉన్నచోట ఇంకోదాంట్లో 'మ' ఉంది. రెండింటికీ పొత్తు లేదు. ఆఫీసరు రామచంద్రమూర్తి గారు ఆవిడను పిలిచి, కొట్టేదానివి నువ్వు కాబట్టి నువ్వే ఎంచుకో అన్నారు. మంచిమాటే. కానీ ఎనిమిదేళ్ళుగా టెంపరరీగా ఉన్న మనిషికి మంచిమాట కూడా ఉరితాడులాగే కనిపిస్తుంది. రేపు ఏదైనా తేడా వస్తే, నువ్వు ఎంచుకున్నదే కదా అంటారు. తమరు ఏదంటే అదేనండీ అని చూసింది, ఆయన ఒప్పుకోలేదు. ఒక మిషను కీలు బరువుగా, రోకటి పోటులా ఉన్నాయి. రెండోది చెయ్యి ఆనిస్తే పలికింది. ఆ రెండోదే చూపించింది.

అది బల్లకెక్కాక గాని తెలియలేదు. ఒత్తులన్నీ పైవరసలో ఉన్నాయి, ఒత్తు కొట్టాలంటే చిటికెనవేలితో షిఫ్టు నొక్కి పట్టాల్సిందే. ఒత్తు లేని తెలుగు మాటలు వెతుక్కుంటే ఎన్ని దొరుకుతాయి? రెండోపూటకల్లా చిటికెనవేలు వాచింది. పైగా ఆ మిషనులో అక్షరం ముందు బోడిగా పడుతుంది, తలకట్టు విడిగా పెట్టుకోవాలి. తొందరలో మరిచిపోతే వరసంతా గుండు కొట్టించుకుని నిలబడుతుంది. కామేశం గారు ఆ కాగితాలు చూసి, తిరపతి యాత్రికులు వచ్చేరమ్మా అనేవాడు. ఆవిడ నవ్వేది. ఇంటికెళ్ళి బియ్యండబ్బా మూత మీద వేళ్ళు ఆడించుకుంటూ ఏడ్చేది.

మెల్లగా వేళ్ళు దారికొచ్చాయి. అసలు కష్టం అప్పుడు మొదలైంది.

ఒకనాడు బుచ్చయ్యపేట రైతుకు వెళ్ళే కాగితం కొడుతోంది. 'మీ అర్జీ తిరస్కరించడమైనది' అన్నచోట చెయ్యి ఆగిపోయింది. ఎందుకాగిందో ముందు ఆవిడకే తెలియలేదు. ఆ రైతు పొద్దుటినుంచీ వరండాలో కూచుని ఉన్నాడు, గొడుగు ఒళ్ళో పెట్టుకుని. ఆ కాగితం కోసమే కూచున్నాడు. తను కొడుతున్నది ఏమిటో తనకు అర్థమవుతోందని ఆవిడకు అప్పుడు తెలిసింది. ఇన్నాళ్ళ ఉద్యోగంలో అలా అర్థం కావడం అదే మొదలు.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. ఊరుకోలేక, ఇంగ్లీషు మాటలు ఒక్కొక్కటే గుర్తు చేసుకుని కామేశం గారిని అడగడం మొదలుపెట్టింది. రిజెక్టెడ్ అంటే తిరస్కరించడం. అది వేళ్ళకు కంఠతా వచ్చిన మాట. ఇంకోటి ఉండేది, 'సర్వీసెస్ ఆర్ డిస్పెన్స్‌డ్ విత్' అని. అది కొట్టినప్పుడల్లా ఆవిడ పాపం ఆ మనిషికి ఒంట్లో బాగోలేదు గావును, డిస్పెన్సరీకి పంపుతున్నారు అనుకునేది. ఒకరిద్దరికి తగ్గాలని మనసులో దణ్ణం కూడా పెట్టుకుంది. ఆ మాట చెబితే కామేశం గారు పొడుండబ్బా మూత పెట్టేశాడు.

"డిస్పెన్సరీకి కాదమ్మా. ఇంటికి" అన్నాడు.

ఆవిడ లెక్కపెట్టబోయింది. ఎంతమందిని? పేర్లు గుర్తులేవు, చదివితే కదా గుర్తుండటానికి. ఏదో ఒకనాడు తన పేరు కూడా ఈ మిషను మీదే, తన వేళ్ళతోనే పడుతుందని ఆవిడకు గట్టిగా అనిపించింది. ఆనాటి నుంచి డ్రాఫ్టు చేతికి రాగానే ముందు పేరు వెతుక్కోవడం అలవాటైంది.

అవి ఎమర్జెన్సీ రోజులు. ఆలస్యంగా వచ్చినవాణ్ణి గుమ్మంలోనే నిలబెట్టేవారు. ఎవరి సీటు ఎప్పుడు ఖాళీ అవుతుందో తెలియక, ఎప్పుడూ గట్టిగా మాట్లాడేవాళ్ళు కూడా గొంతు తగ్గించారు. ఖర్చు తగ్గించాలని ఒక ఆర్డరు వచ్చింది. పెద్దవాళ్ళ జోలికి ఎవరూ పోరు కదా, ఊడ్చే తాతమ్మ మీద పడింది. తాతమ్మది రావికమతం వైపు పల్లె. వరండా తుడిచి, కుండలో నీళ్ళు నింపి, దుర్గాంబ చిటికెనవేలు వాచిన రోజుల్లో అడక్కుండానే వేన్నీళ్ళ కాపడం పెట్టిన మనిషి.

డ్రాఫ్టు ఆవిడ బల్ల మీదకు వచ్చింది. ఆఖరి ముక్క ఇది: 'ఒకటవ తేదీ నుండి పనికి రావలదు.' తాతమ్మ ఆ పక్కనే చీపురు పట్టుకుని బల్లల కింద వంగి ఉంది. కాళ్ళు తీయమ్మా అంది. దుర్గాంబ కాళ్ళు తీసి, కొట్టింది.

రోజూ ఆవిడ కొట్టే నోటీసుల్లో సగం 'హాజరు కావలెను', 'తీసుకుని రావలెను' అనే ముగుస్తాయి. 'రావల' వరకూ వచ్చాక వేళ్ళు తమ దారిన తాము పోతాయి. ఆ రోజూ పోయాయి. కాగితం మీద 'రావలెను' అని పడింది. వేళ్ళే పోయాయా, ఆవిడే పోనిచ్చిందా అన్నది ఆవిడకే తేలలేదు. కాగితం మిషనులోంచి తీసినప్పుడు చూసింది. చూసీ, కార్బను కాపీతో సహా సంతకానికి పంపేసింది.

రామచంద్రమూర్తి గారికి తెలుగులో సంతకం కొత్త. అది వంకర పోకుండా చూసుకోవడంలో ఆయన పైన ఏముందో చదవలేదు.

మర్నాడు తాతమ్మ తలకు నూనె రాసుకుని, బెల్లం ముక్క కొంగున కట్టుకుని వచ్చింది. టీకొట్టువాడు కాగితం చదివి పెట్టాడట. ఒకటో తారీకు నుంచి పనికి రావాలని గవర్నమెంటే రాసిచ్చిందంటే పర్మనెంటు అయిపోయినట్టే కదా అని ఆవిడ లెక్క. బెల్లం దుర్గాంబ చేతిలో పెట్టి, "ఆపీసరుబాబు ఏలిముద్ర ఎట్టేడు గానీ, కొట్టింది నువ్వు కదమ్మా" అంది. దుర్గాంబ ఆ బెల్లం నోట్లో వేసుకుంది. మింగుడు పడటానికి రెండుసార్లు నీళ్ళు తాగాల్సి వచ్చింది.

ఆ తరవాత రోజులు ఎలా గడిచాయో దేముడికి తెలియాలి. ఫైలు తీస్తున్న చప్పుడైతే చాలు, దొరికిపోయానని అనుకునేది. భర్త పేరు పెట్టి పిలిచినా ఉలిక్కిపడేది. ఏమైందని ఆయన అడిగితే, ఏమీ లేదని కసిరేది. తప్పు తనే చెప్పేద్దామని ఆఫీసరు గది గుమ్మం దాకా వెళ్ళి, నీళ్ళ కుండ దగ్గరికి వచ్చినట్టు నటించి వెనక్కి తిరిగేది.

ఒకటో తేదీ పొద్దున్న రామచంద్రమూర్తి గారు వస్తూ వస్తూ, వరండాలో ఊడుస్తున్న తాతమ్మను చూసి ఆగిపోయారు. గదిలోకి వెళ్ళి ఫైలు తెప్పించుకున్నారు. దుర్గాంబకు పిలుపు వచ్చింది.

ఆయన అరవలేదు. కార్బను కాపీ ఆవిడ వైపు తిప్పి, "ఇది పొరపాటున పడిందా, కావాలని కొట్టావా?" అని అడిగారు.

పొరపాటంటే తెలుగు టైపు రాదని తనే ఒప్పుకున్నట్టు, పరీక్షకు ముందే కథ ముగుస్తుంది. కావాలనంటే ఆఫీసరు ఆర్డరు తిరగరాసినట్టు, ఆ రోజుల్లో దానికి ఎంత శిక్షయినా ఉండొచ్చు. ఎటు చెప్పినా ఆ ఒంటిచెయ్యి మనిషి రేపు ఏం తింటాడు? పక్క గదిలో కామేశం గారి మిషను ఆగిపోయింది. ఆయన లేచి గుమ్మంలోకి వచ్చాడు, ఎప్పుడూ రాని మనిషి.

"రోజూ రావలెను, రావలెను అని కొట్టి కొట్టి చెయ్యి అలవాటు పడిపోయిందండి. అంతకన్నా ఏటీ లేదు" అన్నాడు.

ఆ మాటను ఆవిడ రెండు చేతులా పట్టుకుంది. అలవాటేనండీ అంది. ఆఫీసరు కాపీ మీది తన సంతకం చూసుకున్నారు. విషయం పైకి రాస్తే, చదవకుండా సంతకం ఎలా పెట్టావని ముందు ఆయన్నే అడుగుతారు. భయం అక్కడా ఉంది, కుర్చీ మాత్రమే తేడా. చివరికి, మళ్ళీ కొట్టు, తేదీ పాతదే వెయ్యి అన్నారు. ఆయన వెనకే వచ్చి నిలబడి చూస్తుండగా ఆవిడ కొట్టింది. ఒక్క తలకట్టు తప్పలేదు. 'రావలదు' అని పడ్డాక, ఉద్యోగం మిగిలిందని ఆవిడ ఒళ్ళంతా తేలికపడింది. అలా తేలికపడినందుకు వెంటనే సిగ్గేసింది.

కాగితం చేతికిచ్చాక తాతమ్మ టీకొట్టుకు వెళ్ళలేదు. చీపురు గోడకు ఆనించి తిన్నగా దుర్గాంబ బల్ల దగ్గరికే వచ్చింది.

"ఇంకో కాయితం ఇచ్చేరమ్మా. ఏటుందో నువ్వే సదివి సెప్పు."

గది తలుపు తెరిచే ఉంది, లోపల ఆఫీసరు ఉన్నారు. దుర్గాంబ మొదటి నుంచి చివరిదాకా చదివింది. తాతమ్మ అంతా విని, కాగితంలో ఆ ఆఖరి మాట ఎక్కడుందో వేలు పెట్టి చూపించమంది. చూపించింది. మొన్నటి కాగితం సంగతేమిటని అడిగింది. అందులో తప్పు పడిందని దుర్గాంబ చెప్పింది.

తాతమ్మ వంగి, లోపలికి వినపడకుండా, పక్కింటి మనిషిని చేబదులు అడిగినంత మామూలుగా అంది.

"మరి ఇంకొక్కపాలి అలాగే తప్పు కొట్టీ అమ్మా. నీకు సేతనవును కదా."

దుర్గాంబ బల్ల మీది తరవాతి డ్రాఫ్టు అందుకుంది. తాతమ్మ, చీపురు ఆఫీసుది కాబట్టి అక్కడే వదిలేసి, వెళ్ళిపోయింది.

దుర్గాంబ పరీక్ష ప్యాసయింది, పర్మనెంటయింది, రిటైరయ్యేదాకా తెలుగు మిషను మీదే పనిచేసింది. ఏ కాగితంలోనైనా 'వల' దాకా వచ్చాక చేతులు మిషను మీంచి తీసి, డ్రాఫ్టు మీద వేలు పెట్టి ఒకసారి చూసుకుని, అప్పుడు మిగతాది కొట్టేది. అంత జాగ్రత్త గల మనిషిని చూడలేదని తరవాత వచ్చిన ఆఫీసర్లందరూ మెచ్చుకున్నారు. జాగ్రత్త కాదు, భయం. తప్పు పడుతుందని కాదు. తనకు చేతనవునని.