గడిహళ్లి నైట్‌హాల్ట్

మా రాయదుర్గం డిపోలో ఆరు నెలలకోసారి డ్యూటీ చార్టు మారుస్తారు. ఆ రోజు కంట్రోలర్ గది ముందు జాతరే. నైట్‌హాల్ట్ బస్సు అంటే సాయంత్రం బయలుదేరి, చివరి ఊరు చేరి, రాత్రి అక్కడే ఉండి, పొద్దున అయిదుకు మొదటి ట్రిప్పు కట్టే బస్సు. డ్రైవరూ కండక్టరూ ఆ ఊళ్లోనే పడుకోవాలి. అందుకని అందరూ ముందు పడక సంగతి కనుక్కుని, ఆ తర్వాతే ఊరు ఎంచుకుంటారు. ఫ్యాను తిరిగే గది, దగ్గర్లో హోటలు ఉన్న ఊళ్ల కోసం కొట్లాడుకుంటారు. ఎవరికీ అక్కర్లేని ఊరు ఒక్కటే, గడిహళ్లి.

గడిహళ్లి కర్ణాటక సరిహద్దులో, వేదవతి ఏటి గట్టున ఉంటుంది. మన వైపు ఒక బజారు వీధి, ఒక బడి, పది అంగళ్లు. ఏరు దాటితే అన్నీ కన్నడ బోర్డులే. రెండు వైపులవాళ్లూ ఏటికి అడ్డంగా నడిచే వెళ్లివస్తారు, ఎందుకంటే ఏట్లో ఇసుక తప్ప మరేమీ ఉండదు. రాత్రి ఎనిమిదిన్నరకు ఊరు పడుకుంటుంది. అంతకుముందు ఆరు నెలలు అక్కడ హాల్ట్ చేసిన తిప్పేష్ అనే డ్రైవరు, "ఆడ కుక్కలు గూడా మొరగవు గిరీ" అని నాతో చెప్పి, చేతులు దులుపుకుని పోయాడు.

ఆ జూలైలో కంట్రోలర్ మొదట అడిగింది హనుమంతరాయుడిని. డిపోలో అందరికంటే సీనియర్ డ్రైవరు, డిసెంబరు ఆఖరుకు రిటైర్మెంటు. ఏ ఊరు అడిగితే ఆ ఊరు ఇస్తారు. ఆయన బోర్డు వైపైనా చూడకుండా, "గడిహళ్లి రాసుకోప్పా" అన్నాడు. కంట్రోలర్ పెన్ను ఆపి మళ్లీ అడిగాడు. ఆయన మళ్లీ అదే చెప్పాడు. ఆయన జోడీ కండక్టరును నేను. నన్ను మాత్రం ఎవరూ అడగలేదు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. క్యాంటీను దాకా వెంటపడి మరీ అడిగాను.

"ఏమన్నా, నీకేమన్నా పిచ్చి పట్టిందా? ఉరవకొండ అడిగింటే ఇచ్చేటోళ్లు గదా. ఆ ఊర్లో ఏముండాదని?"

"ఏరుండాది."

"ఇసక ఉండాది."

"వచ్చినపుడు వస్తాదిలేప్పా" అని టీ గ్లాసు కడిగి బోర్లించాడు. కడగడానికి ఆయన వాడినవి రెండు గుక్కల నీళ్లు.

ఆ మనిషి అంతే. ముప్పై ఏళ్లు స్టీరింగు పట్టినా హారన్ కొట్టినంత గట్టిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఎక్కడ పడుకున్నా అలారం లేకుండా నాలుగుకు లేస్తాడు. నిజానికి లేస్తాడనడం తప్పు, ఆయన సరిగ్గా పడుకోడు. నాకు ఎప్పుడు మెలకువ వచ్చినా ఆయన కళ్లు తెరుచుకునే ఉండేవి. ఒక చెంబు నీళ్లతో మొహం, కాళ్లు కడుక్కుని, మిగిలినవాటితో బస్సు అద్దం తుడిచేవాడు. అయిదుకు కాస్త ముందు రెండుసార్లు పొడుగ్గా హారన్ కొట్టేవాడు. మొదటి హారన్‌కు గడిహళ్లి నిద్ర లేచేది, రెండోదానికి క్యారియర్లు పట్టుకుని బస్సు దగ్గరికి వచ్చేది. రాయదుర్గంలో జీన్స్ కుట్టే ఆడవాళ్లంతా ఆ బస్సుకే వెళ్లాలి.

ఆ ఊళ్లో మాకు గది లేదు కాబట్టి బస్సును ఏట్లో ఆపేవాళ్లం. నవ్వకండి. అక్కడ అందరూ చేసే పనే అది. నిండుగా నీళ్లు చూసి ఏళ్లూ పూళ్లూ అయింది. ఊళ్లో చదునైన చోటు అదొక్కటే. శుక్రవారం సంత ఏట్లో పెడతారు, పెళ్లి పందిళ్లు ఏట్లో వేస్తారు, పిల్లలు క్రికెట్ ఏట్లో ఆడతారు. ఎద్దుల బండ్ల బాట మీదుగా బస్సును దింపి, గట్టి నేల చూసి ఆపి, పక్కనే ఇసుక మీద పరుపులు పరుచుకునేవాళ్లం. గట్టు మీద టీ అంగడి అక్కమ్మది. సంగటి, శెనక్కాయల చట్నీ ఆమే పెట్టేది. ఆమె కూతురు జయంతి ఒక పుస్తకం ముందు వేసుకుని, నర్సింగులో చేరే పరీక్షకు చదువుతూ ఉండేది.

ఒక సాయంత్రం సంగటి తింటూ ఉన్నట్టుండి తనే చెప్పాడు.

"నాకు ఏడేండ్లప్పుడు మా నాయన నన్ను ఈడికి పిల్చుకొచ్చినాడు గిరీ. బండి నిండా శెనక్కాయల మూటలు. ఆ పక్క సంతకు పోతాండాం. పొద్దుమునిగింది, ఈడనే దిగినాం. ఏట్లో మోకాలు లోతు నీళ్లు. మా ఎద్దులు ఎవరూ తోడిపెట్టకుండా, వాటికి చాలనిపించేదాకా తాగినాయి. మా ఊర్లో యానాడూ అట్ల తాగలేదు. నీళ్ల సప్పుడు వింటా నాయన పక్కన పండుకుంటి. పొద్దున నాయనే లేపినాడు. పై ఏడు నాయన పోయినాడు. మళ్ల అట్లాంటి నిద్ర నాకు రాలేదప్పా." సంగటి ముద్ద చట్నీలో అద్దుకుని మళ్లీ అన్నాడు. "డ్యూటీ దిగేలోపల ఒక్క రాత్రి, పారే ఏటి పక్కన పండుకోవాల. అంతే."

ఉరవకొండ పక్కన మెట్ట పల్లెలో, ట్యాంకరు వెనక బిందెలతో పరుగెత్తి పెరిగిన మనిషి. అరవై దాటాక కోరుకున్నది ఇది. ఆ తర్వాత గడిహళ్లి గురించి సణగడం కొంచెం తగ్గించాను. పూర్తిగా మానలేదు, అది నా వల్ల కాదు.

అక్టోబరులో పైన కర్ణాటకలో వారం రోజులు వానలు పడ్డాయి. ఆ రోజు మేం ఆరు గంటలకు వచ్చి బస్సును మామూలు చోటే ఆపాం. అక్కమ్మకు పై ఊరి చుట్టం ఫోన్ చేశాడు. ఆమె అంగట్లోంచి బయటికి వచ్చి, "అన్నా, ఏరు వస్తాండాదంట" అంది. నేను నమ్మలేదు. పది నిమిషాలకు ఇసుక మీద ఎర్రటి నీళ్లు కనిపించాయి. పుల్లలూ, నురగా, ఎవరిదో ఒంటి చెప్పూ తోసుకుంటూ మెల్లగా వచ్చాయి. ఊరంతా గట్టు మీద నిలబడిపోయింది.

హనుమంతరాయుడు చెప్పులు విడిచి నీళ్లకు ఎదురు నడిచాడు. పాదాలు తడిసేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయన మొహం చూస్తే నాకు సంతోషమూ వేసింది, భయమూ వేసింది, ఎందుకంటే నీళ్లు అప్పటికే ముందు టైరును తాకుతున్నాయి.

"అన్నా, బస్సు" అని నేను అరిచాక గాని ఈ లోకంలోకి రాలేదు.

ఎక్కి స్టార్ట్ చేస్తే తడి ఇసుకలో చక్రాలు గిర్రున తిరిగాయే గాని బస్సు కదల్లేదు. ఏట్లో బస్సు ఎందుకు పెట్టావని డిపోలో అడిగితే, ఇది ఏరని మరిచిపోయానని చెప్పాలా? జనం గోనెసంచులు, జొన్నచొప్ప తెచ్చి చక్రాల కింద తోశారు. పిల్లా పెద్దా అందరూ వెనక చేరి నెట్టారు. మూడోసారికి బస్సు గట్టెక్కింది. ఆ తర్వాత ఆడవాళ్లు పసుపు, కుంకుమ, రవికె గుడ్డ, గాజులు తెచ్చి గంగమ్మకు పూజ చేశారు. అక్కమ్మ ఏడుస్తూ నవ్వింది.

హనుమంతరాయుడు నీళ్లకు నాలుగు బారల దూరంలో గట్టు మీద చోటు చూసుకుని పరుపు పరిచాడు. ముడతలు కూడా సరిచేశాడు. అంతలో ఊరివాళ్లు ఎవరో అన్నారు, ఏరు ఇట్లా వస్తే రెండు మైళ్ల అవతల రాయదుర్గం దారికి అడ్డంగా పారే వంక కూడా ఎగదన్నుతుందని, దాని మీద బస్సు దాటే చప్టా రెండు గంటల్లో మునిగిపోతుందని. అంటే పొద్దున అయిదు బస్సు లేనట్టే.

జయంతి సంచి భుజాన వేసుకుని అంగడి ముందు నిలబడి ఉంది. మర్నాడు పదింటికి అనంతపురంలో ఆమెకు పరీక్ష. అయిదు బస్సునే నమ్ముకుని ఉంది. ఇప్పుడే పోదామని ఆ పిల్ల అడగలేదు. అక్కమ్మ కూడా అడగలేదు. ఈయన ఈ రాత్రి కోసం ఎంత ఎదురుచూశాడో తల్లీకూతుళ్లిద్దరికీ తెలుసు. రూలు ప్రకారమైతే బస్సు కదలాల్సింది పొద్దున్నే. ఆయన హాయిగా పడుకుంటే తప్పుపట్టేవాళ్లు లేరు.

ఆయన ఏటి వైపు చూశాడు, పిల్ల వైపు చూశాడు. వంగి పరుపు చుట్టేశాడు.

"గిరీ, డిపోకు ఫోన్ చెయ్యి. బస్సు ఇప్పుడే వస్తాండాదని చెప్పు."

మూడు నెలలుగా ఆ ఊరి నుంచి ఎప్పుడు బయటపడదామా అని చూసిన నేనే అడ్డం పడ్డాను. "అన్నా, మళ్ల ఈ ఏరు యప్పుడు వస్తాదో ఏమో."

"ఆ పాప పరీక్ష గూడా అంతే గదప్పా" అని సీట్లో కూర్చున్నాడు.

డిపోవాళ్లు, దారి చూసుకుని జాగ్రత్తగా రమ్మన్నారు. చప్టా మీద అప్పటికి జానెడు నీళ్లు కూడా లేవు. ఆయన ముందు దిగి, కట్టెతో తట్టుకుంటూ అవతలి దాకా నడిచి చూసి వచ్చి, అప్పుడు బస్సు దాటించాడు. ఆ రాత్రి జయంతి రాయదుర్గంలో ఆయన ఇంట్లోనే పడుకుంది. ఆయన భార్య పెద్దక్క పొద్దున్నే పిల్లకు సద్ది కట్టి, అనంతపురం బస్సెక్కించింది.

పరీక్ష బాగా రాసింది. కానీ మేం దాటిన కాసేపటికి చప్టా ఒక పక్క కొట్టుకుపోయింది. బైకులు తిప్పలు పడి వెళ్తున్నాయి, బస్సు మాత్రం పోదు. మమ్మల్ని వేరే రూట్లో వేశారు. ఏరు పారుతూనే ఉంది, ఈయన చూడలేడు. ఆ ఇసుక ఏరు ఎన్ని రోజులు పారుతుందో ఎవరికి తెలుసు?

ఇంటికి చేరిన జయంతి రోజూ సాయంత్రం ఏట్లో నిలబడి తన కాళ్ల ఫొటో తీసి ఆయన ఫోనుకు పంపేది. మొదట్లో నీళ్లు మోకాలి దాకా. వారానికి పిక్కల దాకా. పద్దెనిమిదో రోజున చీలమండ దగ్గరికి వచ్చాయి. ఈయన టీ తాగుతూ ఆ ఫొటో చూసి ఫోను జేబులో పెట్టుకునేవాడు. నాకు ఏడుపు వచ్చేది. నాకు ఏడుపు వస్తే కోపంగా బయటికి వస్తుంది, ఏం చేయను.

చప్టా బాగుచేశారు, సోమవారం నుంచి గడిహళ్లి బస్సు మళ్లీ వేస్తున్నారని తెలిసిన రోజు, లీవు కాగితం తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"ఏందప్పా ఇది? సోమవారం మన డ్యూటీనే గదా."

"డ్యూటీ మీద వస్తే నాలుగుకు లేయాల. కంటి మీద కునుకు రాదు నీకు. ఈసారి ప్యాసింజరుగా రా. అక్కను గూడా పిల్చుకొని రా."

ఆయన కాగితం చివరిదాకా చదివాడు. "కారణం అని ఉండాది. ఏమని రాయాల?"

"ఉన్నదే రాయి."

'నిద్ర' అని రాశాడు. కంట్రోలర్ చదివి, మా ఇద్దరి మొహాలూ చూసి సంతకం పెట్టాడు.

సోమవారం బండి తిప్పేష్ తోలాడు, దారి పొడుగునా నన్ను తిట్టుకుంటూ. హనుమంతరాయుడు, పెద్దక్క మూడో వరసలో కూర్చున్నారు. పాసు ఉన్నా టికెట్టే కావాలన్నాడు, కొట్టి ఇచ్చాను. దాన్ని మడిచి జేబులో పెట్టుకుని, ప్రతి మలుపులోనూ లేని బ్రేకు మీద కాలు నొక్కుతూ వచ్చాడు. పెద్దక్క రెండుసార్లు ఆయన మోకాలి మీద చిన్నగా కొట్టింది.

ఏట్లో చీలమండ లోతే నీళ్లు. కానీ తేటగా ఉన్నాయి, రాళ్ల మీద చప్పుడు చేస్తూ పారుతున్నాయి. జయంతి గట్టు మీద చోటు ఊడ్చి, నీళ్లు చల్లి ఉంచింది. భోజనాలయ్యాక మొగుడూ పెళ్లాం అక్కడే పరుపు వేసుకున్నారు. బుద్ధి వచ్చింది కాబట్టి బస్సును పైన బడి దగ్గర ఆపి, నేనూ తిప్పేషూ అందులో పడుకున్నాం.

పొద్దున నాలుగున్నరకు, ఈయన ఎలాగూ లేచే ఉంటాడు, పలకరిద్దామని గట్టు దగ్గరికి వెళ్లాను. పెద్దక్క దుప్పటి కప్పుకుని కూర్చుని ఉంది. నన్ను చూడగానే చేయి అడ్డం పెట్టింది.

"లేపొద్దు నాయనా. నా పెండ్లయినప్పటి నుంచి నాలుగు దాటినాక ఈ మనిసి పండుకోనుండింది నేను చూడలేదు. తొమ్మిది బస్సుకు వస్తాంలే."

ఆయన పక్కకు తిరిగి, మోచేయి తల కింద పెట్టుకుని గురక పెడుతున్నాడు. అంత ఏరు పక్కన పారుతున్నా, తలగడ దగ్గర చెంబెడు నీళ్లు మూత పెట్టి ఉంచుకున్నాడు.

నేను బస్సు దగ్గరికి వచ్చేసరికి తిప్పేష్ మొదటి హారన్ కొట్టేశాడు, పొడుగ్గా. గడిహళ్లి లేచింది. దీపాలు వెలిగాయి, క్యారియర్లు పట్టుకుని ఆడవాళ్లు వచ్చారు. నేను మళ్లీ గట్టు దాకా వెళ్లి చూశాను. ఆయన కదల్లేదు.

రెండో హారన్‌కు తిప్పేష్ చేయి ఎత్తితే పట్టుకుని ఆపాను. వాడు నా మొహం చూసి చేయి దించాడు. అందరూ ఎక్కాక తలుపు చప్పుడు కాకుండా వేసి, 'రైట్ రైట్' అని తిప్పేష్‌కు మాత్రమే వినపడేలా అన్నాను.