ఆయన తలూపిన బరోలో

2011లో నేను హైటెక్ సిటీలోని ఒక పెద్ద హోటల్లో, ఇటాలియన్ రెస్టారెంట్‌లో స్టువార్డ్‌గా చేసేదాన్ని. ఇల్లు బోరబండ. తెలంగాణ ఉద్యమం ఉధృతంగా ఉన్న రోజులు, ఎప్పుడు బందో ఎప్పుడు కాదో చెప్పలేం. నాకు మాత్రం ఒకటే పట్టు, సొమెలియే కావాలి. అంటే వైన్ ఎంచి, రుచి చూసి, అతిథికి వివరించి వడ్డించే మనిషి. ఆడపిల్లకు ఆ పనేంటని ఇంట్లో గొడవ, ఆ ఇంగ్లీషుతో నీకెందుకని హోటల్లో ఎగతాళి. నేను ఎవరి మాటా వినే రకం కాదు.

ఒక బందు రోజు మధ్యాహ్నం మా దగ్గర ఇటాలియన్ రెడ్ వైన్ల టేస్టింగ్ ఉంది. చేయించేది సాఫ్ట్‌వేర్ కంపెనీ నడిపే ఓబులేసు గారు. ఆయనా, ఆయన అతిథులూ ముందురోజే వచ్చి హోటల్లో దిగారు. ముంబై నుంచి రావలసిన సొమెలియే మాత్రం విమానాశ్రయం నుంచి కదలలేకపోయాడు. రైళ్ళు లేవు, ఆటోలు లేవు, నేను బోరబండ నుంచి నడిచి వచ్చాను. మా మేనేజర్ మూర్తి గారిది కాకినాడ. నన్ను చూసి నిట్టూర్చారు.

"ఇవాళ మీరే చేయాలండి. ఏ చిన్న పొరపాటు జరిగినా మళ్ళీ బాంక్వెట్‌లో ప్లేట్లు మోయడమే, వైన్ మాట ఇక ఎత్తొద్దు. ఇంకోటండి, ఆ గిట్ల గట్ల అతిథుల ముందు రానివ్వకండి."

ఒళ్ళు మండింది. "గట్లనే సార్" అన్నాను.

మొదటి రెండు వైన్లు సాఫీగా సాగాయి. మూడోది బరోలో. ఇటలీ ఉత్తరాన నెబియోలో అనే ద్రాక్షతో చేస్తారు. రంగు పలచన, వగరు మాత్రం నాలుకను పట్టేస్తుంది. ఆ వగరును మా వృత్తిలో టానిన్ అంటాం. ఓబులేసు గారు ఇటలీ వెళ్ళినప్పుడు ఇష్టపడి తెచ్చుకున్న సీసాలు రెండు. పాంట్రీలో మొదటిది తెరిచి వాసన చూశాను. అది కార్క్‌డ్, అంటే బిరడాలో పుట్టిన దోషం వైనుకు అంటుకుంది. తాగితే ప్రమాదం లేదు గానీ పండు వాసన చచ్చిపోతుంది.

మూర్తి గారు కూడా వాసన చూశారు. "పాత బరోలోకి మట్టి వాసన ఉంటుందండి, పుస్తకాల్లో ఉంది కదా."

"ఇది మట్టి వాసన కాదు సార్."

"ఆయన సొంత సీసాండీ! చెడిపోయిందని ముఖం మీద చెప్తారా? ముందు ఆయనకు కొంచెం పోయండి. తలూపారా, మన బాధ్యత తీరిపోయింది."

విందు ఇచ్చేవారికి ముందుగా ఒక గుక్క పోసేది నచ్చిందా అని అడగడానికి కాదు, చెడిపోయిందేమో చూడమని. ఈ సంగతి మనవాళ్ళలో చాలామందికి తెలియదు. అందరూ చూస్తుండగా బాగాలేదంటే పరువు తక్కువని, గొంతు దిగకముందే "సూపర్" అనేస్తారు. ఓబులేసు గారూ అంతే. గ్లాసు తిప్పారు, గుక్క వేశారు, తలూపారు.

"బాగుందమ్మా, అందరికీ పొయ్యి."

నేను పోయలేదు. తలుపు దగ్గర నుంచి మూర్తి గారు కళ్ళతోనే పొయ్యమంటున్నారు. బాంక్వెట్ ప్లేట్లు కళ్ళ ముందు ఆడాయి. పోతే పోయింది అనుకున్నాను.

"సార్, జర ఇంకోసారి వాసన చూడుండ్రి."

ఆయన ముఖం ఎర్రబడింది. "బాగలేదని నేనంటినా?"

"మీరనలేదు సార్, నేనంటున్న. ఈ సీసా ఖరాబైంది."

"ఏమైందో చెప్పు మరి" అన్నారాయన. నేను బట్టీ పట్టిన ఇంగ్లీషు మాటలు ఉన్నాయి: తడిసిన అట్టపెట్టె, చెమ్మ పట్టిన నేలమాళిగ. సమయానికి ఒక్కటీ నోటికి రాలేదు.

"కంట్రోలు బియ్యం సార్. ముక్కిపోయిన కంట్రోలు బియ్యం వాసన."

రేషన్ దుకాణం బియ్యాన్ని మా దిక్కు అట్లాగే అంటాం. ఎవరో కిసుక్కుమన్నారు. ఓబులేసు గారు నవ్వలేదు. గ్లాసులో ముక్కు పెట్టి చాలాసేపు ఉండిపోయారు. తలెత్తేసరికి ఆయన ముఖంలో కోపం లేదు.

"మా అనంతపురంలో స్టోరు బియ్యమంటాంలేమ్మా. చిన్నప్పుడంతా అవే తింటిమి. ఎంత కడిగినా ఈ వాసన పొయ్యేది కాదు. ఈ కోటు తొడుక్కున్యాక నా ముక్కు గూడ అబద్ధాలు నేర్చింది సూడు! ఇంకోటి తెరువు."

రెండోది అద్భుతం. ఎండిన గులాబీ రేకుల వాసన, నేరేడు పండు తిన్నాక నాలుక మీద నిలిచే వగరు. ఈసారి ఎవరూ "సూపర్" అనలేదు. ఒకాయనైతే తనకు నచ్చలేదని నిర్భయంగా చెప్పేశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది, టేస్టింగ్ అంటే అదే కదా!

పాంట్రీలో మూర్తి గారు ఆ మొదటి సీసాను మళ్ళీ వాసన చూస్తున్నారు. "నాకూ తెలిసిందండి" అన్నారు మెల్లగా. "మా అమ్మగారు ఆ బియ్యాన్ని ఎండలో పోసేవారు. ఒప్పుకోబుద్ధి కాలేదంతే." వైన్ శిక్షణకు నా పేరు పంపింది ఆయనే.

ఇప్పుడు నేనే కొత్తవాళ్ళకు నేర్పుతున్నాను. చెడిన సీసాను పట్టుకోవాలంటే తాను తిన్న తిండికి సిగ్గుపడని ముక్కు కావాలని ఆ రోజే నాకు అర్థమైంది. శిక్షణలో చెడిన వైన్ ముందు పెడితే పిల్లలంతా "వెట్ కార్డ్‌బోర్డ్" అని రాస్తారు. ఆ కాగితాలు తిరిగి ఇచ్చేస్తాను.

"మీ ఇంట్ల దీన్నేమంటరో గది రాయుండ్రి" అంటాను.

కాసేపు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. తరువాత తలలు వంచుకుని రాస్తారు, ఏ ఇద్దరూ ఒకే మాట రాయరు, ఒక్కటీ తప్పు ఉండదు.