మా బావ కంప్యూటర్లు దానం ఇవ్వలేదు

మా బావ పోయాడు. మా అక్క భర్త. సారపాకలో వాళ్ల ఇంటి అరుగు మీద, పొద్దుటి టీ గ్లాసు చేతిలో ఉండగానే గుండె ఆగిపోయింది. నేను చండ్రుగొండలో బడికి బయల్దేరుతుంటే అక్క ఫోన్ చేసి, "చెల్లె, మీ బావ పిలిస్తే పలుకుతలేడే" అంది.

ఆయన గురించి ఎప్పుడైనా తీరిగ్గా రాద్దామనుకున్నాను. కానీ పదకొండో రోజు సంతాపసభలో ఒక పెద్దమనిషి మాట్లాడింది విన్నాక ఆగలేకపోయాను. నా కోపం ఈ అక్షరాల్లో కనబడితే ఏమీ అనుకోకండి.

బావ ఊళ్లోని కాగితం మిల్లులో మెకానిక్. మీటర్లు, గేజీలు బాగుచేసేవాడు. డ్యూటీ దిగాక ఇంట్లో ఆయనకు ఇంకో పని ఉండేది. అది ఎవరూ అప్పజెప్పింది కాదు. ఆఫీసుల వాళ్లు అవతల పారేసిన పాత లెక్కల మిషన్లు, మొదటి రోజుల కంప్యూటర్లు వెతికి తెచ్చి, మళ్లీ నడిపించడం. కొత్తగూడెంలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టులో, విరిగిన ఫ్యాను రెక్కల కింద దొరికింది మొదటిది. కరెంటు అక్కర్లేదు, పక్కనున్న పిడి తిప్పితే కూడికలు తీసివేతలు చేస్తుంది. దాన్ని బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు.

"ఇంట్లకు ఇనుము తెస్తే మనుషులు యాడ ఉండాలె?" అని అక్క గొడవపడింది.

"ఇనుము గాదే ఇది. ఎవరో కూసోని ఏండ్లకేండ్లు దీనితోనే లెక్కలు చేసిండ్రు" అన్నాడు బావ.

కిరసనాయిల్లో నానబెట్టి, సన్న కుంచెతో లోపలి చక్రాల ఒక్కో పన్నూ తుడిచి, నెల తిరిగేసరికి దాన్ని నడిపించాడు.

ఆ మిషన్‌ని ఒకసారి మా బడికి తెచ్చాడు. అడవి పల్లె నుంచి వచ్చే ఒక ఆడపిల్ల ఉండేది మా దగ్గర. బోర్డు దగ్గరికి పిలిస్తే ఒణికిపోయేది. నలభై అయిదులో తొమ్మిదులెన్నో చూడమని ఆ పిల్లకే పిడి ఇచ్చాడు. ఒక్కో తిప్పుడుకి ఒక్కో తొమ్మిది తీసేస్తూ పోతుంది మిషన్. ఆరోసారి తిప్పగానే లోపల గంట టింగుమంది. తనవల్లే చెడిందనుకుని ఆ పిల్ల చేతులు వెనక్కి లాక్కుంది.

"భయపడకు బిడ్డా. ఒకటి ఎక్కువ తీసినవని చెప్తుంది, తిట్టలేదు. ఇటుదిక్కు ఎనక్కి ఒక్కసారి తిప్పు, సరైతది" అన్నాడు బావ.

తిప్పింది. మిషన్ మీది చిన్న కిటికీలో అయిదు కనబడింది. ఆ రోజు ఆ పిల్ల తలెత్తి నా వంక చూసిన చూపు, ముప్పై పాఠాలు చెప్పినా నాకు దొరికేది కాదు.

ఆ తర్వాత కంప్యూటర్లు మొదలయ్యాయి. ఆకుపచ్చ అక్షరాలు తప్ప ఇంకో రంగు ఎరగనివి, విస్తరాకంత ఫ్లాపీలు మింగేవి. చూసినవాళ్లు నవ్వేవాళ్లు. నేనూ నవ్వాను. "బావా, చెడిపోయినవన్నీ నీకెందుకు?" అంటే, "చెడిపోయింది అనకు మరదలా. ఎక్కడ చెడిందో చెప్పు, మాట్లాడుదాం" అనేవాడు. వానాకాలం వస్తే చెమ్మ పట్టకుండా వాటి బీరువాలో చిన్న బల్బు వెలిగించి ఉంచేవాడు. ఒక్కోదానికి దారంతో ఒక అట్టముక్క కట్టి ఉండేది. ఏ ఊళ్లో పనిచేసింది, దాని ముందు ఎవరు కూర్చునేవారు, ఏ భాగం పోతే ఎలా బాగుచేశాడు, అన్నీ గుండ్రటి అక్షరాల్లో రాసేవాడు. ఆ మనుషుల్ని వెతుక్కుంటూ ఖమ్మం దాకా పోయి అడిగి వచ్చేవాడు. అలా తొమ్మిది కంప్యూటర్లు లేచి నిలబడ్డాయి.

అప్పుడొచ్చాడు ఆ పెద్దమనిషి. జిల్లాలో కొత్తగా పెట్టిన ఒక ప్రైవేటు కాలేజీకి కరస్పాండెంటు. "మీ మ్యూజియం మా కాలేజీలో పెడదాం. మీ పేరు మీద ఒక గది" అన్నాడు. బావ మొహం చిన్నపిల్లాడి మొహమైంది. అక్క మాత్రం, "ఎందుకో నాకు మనసొప్పుతలేదు" అంది. "ఇంత మంచి పనికి అడ్డం చెప్తావా?" అని అక్కను కసిరింది నేనే. ఈ మాట దాచుకుంటే నాకు నిద్రపట్టదు.

పాత బొంతల్లో చుట్టి, వ్యానులో ఎక్కించి, వాటితో పాటు వెనకే కూర్చుని వెళ్లాడు బావ. వారం తిరక్కుండానే కాలేజీ అనుమతి కోసం తనిఖీకి మనుషులొచ్చారు. బావనూ రమ్మన్నారు. వెళ్లి చూస్తే గదీ లేదు, పేరూ లేదు. ఆయన కంప్యూటర్లు ల్యాబులో కొత్తవాటి మధ్య వరుసగా ఉన్నాయి. పైన కొత్త గుడ్డలు కప్పి ఉన్నాయి. అట్టముక్కలన్నీ తెంపేశారు. అనుమతికి ఇన్ని కంప్యూటర్లుండాలన్న లెక్కకు తొమ్మిది తక్కువయ్యాయట, అందుకు!

"ఎవరన్నా అడిగితే కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నమని చెప్పు" అన్నాడు కరస్పాండెంటు.

తనిఖీకి వచ్చినాయన ఒక గుడ్డ ఎత్తి, "ఇవి పనిచేస్తాయా?" అని అడిగాడు.

బావ చెప్పాడు. "అన్నీ పనిచేస్తయి సార్. కానీ పిల్లలు చదువు నేర్చెటివి కావు. చూపించుదామని తెచ్చిన."

చెప్పాల్సింది చెప్పి బయటికొచ్చాడు. ఆ సాయంత్రం ఆ పెద్దమనిషి ఫోన్లో అన్న మాటలు అక్క పక్కనుండి విన్నది. వాటిని ఇక్కడ రాయలేను. కాలేజీకి అనుమతి వచ్చింది. ఎలా వచ్చిందో నాకు తెలియదు. బావ కంప్యూటర్లు మాత్రం తిరిగి రాలేదు. సెలవు దొరికినప్పుడల్లా బస్సెక్కి పోయేవాడు. గేటు దగ్గర వాచ్‌మన్, "సారు లేడు, రేపు రా" అనేవాడు. ఉత్తరాలు రాశాడు. జవాబు లేదు. రెండు వానాకాలాలు గడిచాయి. వాన మొదలైతే బావ లేచి గుమ్మంలో నిలబడేవాడని, "అవి ఎక్కడ పెట్టిండ్రో ఏమో" అనేవాడని అక్క చెప్పింది.

ఆ మనిషి సంతాపసభకు కారులో వచ్చాడు. ఫొటోకు దండ వేశాడు. మైకు తీసుకుని, "వారు జీవితమంతా కూడబెట్టిన సంపదను మా విద్యార్థులకు దానం చేసిన మహనీయులు" అన్నాడు. జనం చప్పట్లు కొట్టారు కూడా!

నేను లేచేలోపే అక్క లేచింది. పదిమందిలో ఎన్నడూ గొంతెత్తని మనిషి.

"దానం ఇయ్యలేదు. మీరు తీస్కపోయిండ్రు. నా పెనిమిటి మీ గేటుకాడ ఎన్నిసార్లు నిలబడ్డడో మీ వాచ్‌మన్‌ను అడుగు. యాడున్నయో చెప్పు."

మిల్లులో బావతో పనిచేసినవాళ్లు నలుగురు లేచి నిలబడ్డారు. మర్నాడే ట్రాలీ ఆటో మాట్లాడుకుని అందరం కాలేజీకి వెళ్లాం. ఈసారి గేటు తెరిచారు.

క్యాంటీన్ వెనక రేకుల షెడ్డులో ఉన్నాయి. విరిగిన బెంచీల కింద ఒకదాని మీద ఒకటి పడేశారు. పైన రేకు లేచిపోయి వాన నేరుగా వాటి మీదే పడింది. ఒకదాంట్లో ఎలుకలు గూడు పెట్టాయి. రెండిటికి చెదలు. ఒక మనిషి కన్నబిడ్డల్లా చూసుకున్నవి అవి. చదువు చెప్పే చోట చేసిన పని ఇది. తలుచుకుంటే ఇప్పటికీ నా ఒళ్లు మండుతుంది. బావ తన కళ్లతో చూడలేదు, అదే నయమని ఒక్క క్షణం అనుకుని, అలా అనుకున్నందుకు నా మీద నాకే మరింత కోపం వచ్చింది.

అక్క ఏడవలేదు. ఒక్కోదాన్ని పైట చెంగుతో తుడిచి ఆటో ఎక్కించింది.

బావ స్నేహితుడొకాయన అన్నీ విప్పి చూసి, "రెండు లేస్తయి వదినా. మిగతావి నా చేత కాదు" అన్నాడు. ఆ రెండు ఇప్పుడు ఆయన దగ్గరున్నాయి. మిగిలినవాటిని కూడా పారేయనివ్వలేదు అక్క.

పోయిన ఆదివారం ముసురు విడిచి ఎండ కాసింది. నేను వెళ్లేసరికి వాకిట్లో పాత చీర పరిచి ఉంది. కీబోర్డుల మీటలన్నీ ఊడదీసి, సబ్బునీళ్లతో కడిగి, ఇప్పపువ్వు ఆరబోసినట్టు దాని మీద ఆరబోసింది అక్క. తనకు రాని ఇంగ్లీషు అక్షరాలు వందల కొద్దీ. పక్కింటి కోడి వచ్చి ఒకదాన్ని ముక్కుతో పొడవబోతే, అక్క గుమ్మంలోంచి లేచి, కర్ర తీసుకుని అదిలించింది.